పడమటి గోడ దగ్గర మొదలుపెట్టండి

ఆధునిక హైదరాబాద్ కట్టడాలను ఎలా చూడాలన్న విషయం మీద జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరకు జరుగుతాను.

హైదరాబాద్‌లో చూడదగ్గ కట్టడాలేమిటని ఎవరైనా అడిగితే మన నోట ముందుగా వచ్చేవి చార్మినార్, గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు, ఫలక్‌నుమా. అవి గొప్పవే, కాదనేవాళ్లు లేరు. ఇవాళ వాటి జోలికి వెళ్లను. 1930ల నుంచి ఇప్పటిదాకా సిమెంటు, ఇనుము, అద్దంతో కట్టినవి మన చుట్టూ ఎన్ని ఉన్నాయి? మీరు పనిచేసిన ఆఫీసు, మీ పిల్లలు చదివిన కాలేజీ, హిమాయత్‌నగర్‌లో గుండ్రటి బాల్కనీ ఉన్న పాత ఇల్లు. రోజూ వాటి ముందు నుంచే వెళ్తాం. ఎప్పుడైనా ఆగి చూశామా?

చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు ద్వారం దగ్గర మొదలుపెట్టకండి. పడమటి గోడ దగ్గర మొదలుపెట్టండి. మే నెలలో, సాయంత్రం నాలుగుంపావుకి, ఆ గోడ ముందు నిలబడండి. ఈ కట్టడం ఎండను ఏం చేస్తోంది? ఈ ప్రశ్న వేసుకుంటే మన ఊళ్లో ఏ ఆర్కిటెక్టు బుర్ర పెట్టాడో, ఎవరు ఎక్కడిదో బొమ్మ తెచ్చి ఇక్కడ నిలబెట్టారో చాలావరకు తెలిసిపోతుంది. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

నాలుగుంపావే ఎందుకు? చెబుతాను. కొంచెం లెక్క ఉంది, రాసుకునేవాళ్లు రాసుకోండి. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందుకే సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు సరిగ్గా మన నెత్తిమీదకు వస్తాడు. ఒకసారి మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో. ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం నిటారుగా పాతిన కర్రకు నీడ ఉండదు. మన మిట్టమధ్యాహ్నం కూడా గడియారంలో పన్నెండింటికి రాదు. మేలో పన్నెండూ పన్నెండు నిమిషాలకు వస్తుంది. గడియారం నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం లెక్క మీద, మనం ఉన్నది 78.5 దగ్గర. ఆ తేడా అది.

మరి ఆ రెండు తేదీల మధ్య ఏమవుతుంది? మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. అంటే నడివేసవి మధ్యాహ్నం దక్షిణపు గోడ మీద ఎండే పడదు. చాలామందికి ఇది నమ్మబుద్ధి కాదు. ఈసారి మేలో చూడండి. దక్షిణపు గోడకు ఎండ వచ్చేది చలికాలంలో. డిసెంబరు చివర మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు రెండడుగుల ఛజ్జా, అంటే కిటికీ పైన గోడలోంచి ముందుకు చాచిన పలక, కింద రెండుంపావు అడుగుల దాకా నీడ పడుతుంది. మార్చి చివర, సెప్టెంబరు చివర అయితే అదే ఛజ్జా ఆరడుగులకు పైగా నీడ ఇస్తుంది. అంటే దక్షిణం వైపు కిటికీకి రెండడుగుల ఛజ్జా హాయిగా సరిపోతుంది.

ఇప్పుడు పడమరకు రండి. మే మూడో వారంలో నాలుగుంపావుకి సూర్యుడు 33 డిగ్రీల ఎత్తుకు దిగిపోతాడు. అదే రెండడుగుల ఛజ్జా పడమటి గోడకు పెడితే ఎంత నీడ? అడుగూ నాలుగంగుళాలు. నాలుగడుగుల కిటికీలో మిగతా అంతా ఎండే. ఇంకో గంట పోతే ఆ నీడ తొమ్మిదంగుళాలకు పడిపోతుంది. మరి నాలుగుంపావుకి నాలుగడుగుల కిటికీని పూర్తిగా కాపాడాలంటే ఛజ్జా ఎంత ముందుకు రావాలి? ఆరడుగులు! ఆరడుగులు ముందుకు వచ్చినదాన్ని ఛజ్జా అంటామా? అది వరండా. మన పాత బంగళాలకు పడమర వైపు వరండా ఎందుకు ఉండేదో ఈ లెక్కే చెబుతుంది.

నిలువు పలకలు పెడితే ఆగదా అని అడుగుతారు. ఆర్కిటెక్టులు వాటిని ఫిన్లు అంటారు. ఆగుతుంది, కానీ అవి ఎటు తిరిగి ఉన్నాయన్నది చూడాలి. మేలో ఆ వేళకు సూర్యుడు దాదాపు సూటిగా పడమరలో ఉంటాడు, 13 డిగ్రీలు మాత్రమే ఉత్తరానికి జరిగి. గోడకు లంబంగా నిలబెట్టిన ఫిన్ల మధ్య నుంచి ఎండ నేరుగా లోపలికి వెళ్లిపోతుంది. అవి అలంకారంగా ఉండిపోతాయి. ఫిన్లను ఏటవాలుగా తిప్పి, సందులు నైరుతి వైపు తెరుచుకునేలా పెడితే మే ఎండ ఆగుతుంది, డిసెంబరు ఎండ కొంత లోపలికి వస్తుంది. చలికాలంలో అది మంచిదే. కాబట్టి ఫిన్లున్న భవనం కనిపిస్తే వాటి అందం తర్వాత చూద్దురుగాని. ముందు అవి ఎటు వాలాయో చూడండి.

ఇంకో చిక్కు ఉంది. అసలు చిక్కు ఇదే. పడమటి గోడను కిటికీ లేకుండా మూసేస్తే పోలా? పోదు. ఎందుకని? మన ఊళ్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి పడమర నుంచే వస్తుంది. గాలీ అటే, వాన జల్లూ అటే, సాయంత్రపు ఎండా అటే. గాలి కావాలి, మిగతా రెండూ వద్దు. హైదరాబాద్‌లో కట్టే ఎవరికైనా ఇదే పరీక్ష.

ఈ పరీక్షను ముందు ఇళ్లు ఎలా రాశాయో చూద్దాం. 1930ల నుంచి 1950ల దాకా కట్టిన ఇళ్లు హిమాయత్‌నగర్, బషీర్‌బాగ్, ఆబిడ్స్, మారేడ్‌పల్లి ప్రాంతాల్లో అక్కడక్కడ ఇంకా మిగిలి ఉన్నాయి. ఆర్ట్ డెకో అంటారు ఈ ధోరణిని. ఎలా గుర్తుపట్టాలి? మూల మీద గుండ్రంగా తిరిగే బాల్కనీ. గోడ మీద అడ్డంగా సాగే రెండు మూడు గీతలు. మెట్లమెట్లుగా ఎగిసే పిట్టగోడ. మెట్ల గదికి నిలువునా సాగే సన్నటి కిటికీ, ఒక్కోసారి ఓడ కిటికీలా గుండ్రటిది. గ్రిల్లులో ఉదయించే సూర్యుడి కిరణాలు. నేల మీద మొజాయిక్, లేదా షాబాద్ బండలు, తాండూరు బండలు. వీటిలో మూడు నాలుగు ఒకేచోట కనిపిస్తే మీరు సరైన ఇంటి ముందు ఉన్నట్టే.

వీటన్నిటికంటే ముఖ్యం ఛజ్జా. ఆ ఇళ్లలో ఛజ్జా ఒక్కో కిటికీకి ఒక్కో ముక్కగా ఉండదు. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు ఇంటి చుట్టూ, మూల కూడా తిరిగి, ఎక్కడా తెగకుండా సాగుతుంది. కింద ఆధారం లేకుండా గాల్లో నిలబడుతుంది. అంతకుముందు రాతితో కట్టినప్పుడు కింద బ్రాకెట్లు లేకుండా ఇది కుదిరేది కాదు. కాంక్రీటులో ఇనుము పెట్టడం వచ్చాకే కుదిరింది.

అది ఎలా నిలబడుతుందో తెలిస్తే దాన్ని చూసే తీరు మారిపోతుంది. గోడలోంచి బయటకు చాచిన పలక తన బరువుకు కిందికి వంగాలని చూస్తుంది. వంగేటప్పుడు పలక పైభాగం సాగుతుంది, కిందిభాగం నలుగుతుంది. కాంక్రీటు నలుగుడును ఓర్చుకుంటుంది, సాగుడును ఓర్చుకోదు. కాబట్టి సాగేచోట, అంటే పై పొరలో, ఇనుప కడ్డీలు ఉండాలి. మామూలు స్లాబులో మధ్యన కడ్డీలు కింద ఉంటాయి, ఛజ్జాలో పైన ఉంటాయి. ఇది తారుమారైతే? కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు కడ్డీల మీద నడుస్తారు, అవి కిందికి దిగిపోతాయి. పైనుంచి చూస్తే తెలియదు. సెంట్రింగ్, అంటే కింద పెట్టిన తాత్కాలిక ఆధారం, తీశాక ఛజ్జా మొదట్లో, గోడకు ఆనుకున్నచోట, పొడుగునా ఒక వెంట్రుకవాసి పగులు వస్తుంది. ఆ పగుల్లోకి నీళ్లు, నీళ్లతో తుప్పు. 80 ఏళ్ల కిందటి ఛజ్జా ఇవాళ్టికీ గీత తిరిగినట్టు నిలబడి ఉందంటే, ఆ రోజు కడ్డీలను పైనే నిలబెట్టి ఉంచిన మేస్త్రి ఉన్నాడని అర్థం. పేరు ఎక్కడా రాసి ఉండదు. పని కనిపిస్తుంది.

ఛజ్జా అడుగున అంచుకు దగ్గరగా ఒక చిన్న గాడి చూశారా ఎప్పుడైనా? అర అంగుళం వెడల్పు ఉంటుంది. వాన నీరు అంచు దాటి అడుగుభాగం మీదుగా గోడదాకా పాకిపోకుండా ఆ గాడి దగ్గర బొట్టుబొట్టుగా రాలిపోతుంది. గాడి ఉన్న ఇంటి గోడ తెల్లగా ఉంటుంది, లేని ఇంటి గోడ మీద నల్లటి చారలుంటాయి. కొత్తగా రంగు వేసేటప్పుడు ఆ గాడిని పుట్టీతో పూడ్చేస్తారు, చూడ్డానికి నున్నగా ఉంటుందని. మరుసటి వానాకాలానికి చారలు మొదలు! మీ ఇంట్లో గాడి ఉంటే పెయింటరుకు ముందే చెప్పండి.

ఆర్ట్స్ కాలేజీ గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను, ఎందుకంటే అది మీకందరికీ తెలుసు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ డిజైన్ ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం ఆర్కిటెక్టుది. 1934లో శంకుస్థాపన, 1939 డిసెంబరులో ప్రారంభం. అంతా ఆ ముందు వైపు కమాను చూస్తారు. మీరు రాయిని చూడండి. గులాబీ ఛాయ గ్రానైట్. మన కాళ్ల కింద ఉన్న 250 కోట్ల ఏళ్లనాటి బండ జాతే అది. పొద్దున ఏడింటికి వెళ్తే ఏటవాలు ఎండలో ఒక్కో రాయి అంచు, ఉలి దెబ్బ తేలి కనిపిస్తాయి. మధ్యాహ్నం వెళ్తే ఏమీ కనిపించదు, గోడ చదునైపోతుంది.

ఇక్కడ ఒక్క నిమిషం హైదరాబాద్ దాటి పాండిచ్చేరి వెళ్లాలి. ఎందుకో చెబుతాను. అక్కడ అరవిందాశ్రమంలో సాధకుల కోసం కట్టిన వసతిగృహం ఒకటి ఉంది. దాని పేరేమిటో తెలుసా? గోల్‌కొండ్! మన గోల్కొండే. ఆ కట్టడానికి నిజాం ప్రభుత్వం నుంచి లక్ష రూపాయల విరాళం వెళ్లింది, అప్పటి దివాన్ సర్ అక్బర్ హైదరీ చొరవతో. ఆ కృతజ్ఞతకే ఆ పేరు. జపాన్‌లో పనిచేస్తున్న ఆంటోనిన్ రేమండ్ డిజైన్. ఆయన మనుషులు జార్జ్ నకాషిమా, ఫ్రాంటిసెక్ సామర్ అక్కడే ఉండి కట్టించారు. పని 1937లో మొదలై 1940లలోకి సాగింది. మన దేశంలో మేలు రకం ఆధునిక కాంక్రీటు కట్టడాల్లో మొదటి వరసలో నిలబడేది అది.

దాని పడమటి గోడ ఎలా ఉంటుంది? ఇది అడగాలి కదా మనం! భవనాన్ని తూర్పు పడమరలుగా పొడుగ్గా, సన్నగా పడుకోబెట్టారు. పొడుగు ముఖాలు ఉత్తర, దక్షిణాలకు. పడమర వైపు వచ్చేది చిన్న అంచు మాత్రమే. గదులన్నీ ఒకే వరసలో, వాటి వెంట నడవా. పొడుగు ముఖాల నిండా అడ్డంగా తిరిగే పలకలు, నేల నుంచి కప్పు దాకా. కిటికీకి అద్దమే లేదు. గదికీ నడవాకూ మధ్య టేకు చెక్క పట్టీల తలుపులు జరుగుతాయి, పట్టీల సందుల్లోంచి గాలి ఆడుతుంది, లోపలున్న మనిషి కనపడడు. కప్పు మీద ఇంకో కప్పు: కింద చదును స్లాబు, పైన వంపు తిరిగిన కాంక్రీటు పెంకులు, మధ్యన గాలి. ఎండ పై పెంకును కాలుస్తుంది, స్లాబు దాకా రాదు. నేల మీద పరిచింది ఏ రాయనుకున్నారు? కడప నల్లరాయి. ఏసీ లేకుండా ఇవాళ్టికీ మనుషులు ఉంటున్నారు అందులో. మన డబ్బు, మన రాయి అక్కడ అంత మంచి పనికి వెళ్లాయి. ఆ పాఠం మన ఊళ్లో ఎంతమంది చదివారు?

చదివినవాళ్లు ఉన్నారు. ఆర్కిటెక్టు చార్లెస్ కొరియా ఎక్కడ పుట్టారో తెలుసా? సికింద్రాబాద్‌లో. 1930 సెప్టెంబరు 1న. అహ్మదాబాద్‌లో సబర్మతి గాంధీ సంగ్రహాలయం, భోపాల్‌లో భారత్ భవన్ ఆయనవే. ముంబైలో కాంచన్‌జంగా అపార్ట్‌మెంట్లు చూడండి: 28 అంతస్తులు, 1983లో పూర్తయింది. ముంబైలో పడమర వైపు సముద్రం, చల్లగాలి. అటే ఎండ, అటే వాన. మన చిక్కే! ఆయన ఏం చేశారు? బంగళా వరండాను తీసుకెళ్లి 28 అంతస్తుల భవనం మూలల్లో, రెండంతస్తుల ఎత్తున తొలిచారు. గది ముందు వరండా, వరండా దాటాక ఆకాశం. ఇందాక ఆరడుగుల లెక్క చెప్పాను గుర్తుందా? అదే లెక్క, గాల్లో.

అదే మనిషి మన దగ్గర 1960ల చివర్లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ కార్యాలయ భవనం చేశారు. ఆఫీసు భాగాన్ని మూడు ముక్కలు చేసి, ఒకదానికొకటి తప్పించి, మధ్యలో ఖాళీ వదిలి, ఆ ఖాళీ చుట్టూ పేర్చారు. కప్పు మీద పలచటి నీటి పొర ఉండాలని డిజైన్. ఆ పైన పెద్ద పందిరి: పెర్గోలా అంటారు. పందిరి ఎండను చీలుస్తుంది, మిగిలినదాన్ని నీరు ఆవిరై పట్టుకుపోతుంది. ఏసీ ఖర్చు తగ్గించడానికి భవనమే తన వాతావరణాన్ని తయారుచేసుకోవాలన్నది ఆలోచన. 1960ల్లో! ఇవాళ గ్రీన్ బిల్డింగ్ అని మనం గొప్పగా చెప్పుకునేదానికి ముప్పై ఏళ్ల ముందు. ఆ సంస్థ ఉద్యోగుల టౌన్‌షిప్ పని బాలకృష్ణ దోషిది. ఆర్కిటెక్టులకు ఇచ్చే పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్‌ను 2018లో అందుకున్న మొదటి భారతీయుడు ఆయన. ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్‌లో బస్సు దిగేవాళ్లలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

ఒక హెచ్చరిక. ఈసీఐఎల్ అణుశక్తి శాఖ కింద ఉన్న సంస్థ. గేటు దగ్గరకు వెళ్లి కెమెరా ఎత్తకండి. ఆ భవనాన్ని ప్రచురితమైన డ్రాయింగులోనే చదవాలి. ముఖ్యంగా సెక్షన్ డ్రాయింగు, అంటే భవనాన్ని నిలువునా కోస్తే కనిపించే బొమ్మ. ఎండ గురించి ఆలోచించిన ఆర్కిటెక్టు ఎవరో ప్లాను చూస్తే తెలియదు, సెక్షన్ చూస్తే తెలుస్తుంది. గచ్చిబౌలిలో ఐడీబీఐ వాళ్ల జవహర్‌లాల్ నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ కూడా కొరియాదే, 1980ల చివర మొదలైంది.

కప్పు మీద నీరు అన్నాను కదా, అది ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. ఎవరు చేసినా ఇలాంటి కప్పుకు మూడు శత్రువులు. వాటర్‌ప్రూఫింగ్ పొర పిట్టగోడ మూల దగ్గర తెగడం, నీళ్లు ఆగిపోయి దోమలు రావడం, వేసవిలో నీటి కరువు. మూడిట్లో ఒకటి వచ్చినా మెయింటెనెన్స్ వాళ్లు నీళ్లు ఆపేస్తారు. ఆపితే స్లాబు కాలుతుంది, కింద ఏసీలు పెరుగుతాయి. అప్పుడు డిజైన్ తప్పని అంటారు. డిజైన్ ఎంత గొప్పదైనా ఏటా వేసవికి ముందు కప్పు ఎక్కి చూసే మనిషి లేకపోతే నిలవదు.

ఇప్పుడు మాదాపూర్ వెళ్దాం. సైబర్ టవర్స్. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి ప్రారంభించారు. పదంతస్తులు, గుండ్రటి ఆకారం, నాలుగు భాగాలు, మధ్యలో ఖాళీ. ఈ ఊరి చరిత్రలో దాని స్థానం పెద్దది, ఎన్ని కుటుంబాల జీవితం మారింది దాని తర్వాత! దాన్ని కాపాడాలి అనే పక్షమే నాది. కానీ మన ప్రశ్న వేస్తే? గుండ్రటి భవనానికి పడమటి గోడ ఎక్కడుంది? విడిగా లేదు. ఉత్తరానికీ పడమరకూ ఒకే రకం తొడుగు. ఎండ ఎటు నుంచి వస్తుందో ఆ భవనానికి తెలియదు, భారమంతా ఏసీ మోస్తుంది. దాని చుట్టూ తర్వాత లేచిన అద్దాల భవనాలు చాలావరకు ఆ దారే పట్టాయి.

అద్దం గురించి ఒక అంకె తెలుసుకోండి. ఎస్‌హెచ్‌జీసీ అంటారు. అద్దం మీద పడ్డ ఎండ వేడిలో ఎంత భాగం లోపలికి వస్తుందో చెప్పే సంఖ్య. మామూలు తెల్ల అద్దం ఒక పొర అయితే 0.8 దాకా. అంటే వందలో ఎనభై పాళ్లు లోపలికే. మంచి పూత వేసిన రెండు పొరల అద్దం అయితే 0.25, 0.3 దగ్గర. బయటి నుంచి రెండూ నీలంగానే మెరవవచ్చు. కాబట్టి రంగు చూసి నమ్మకండి. సాయంత్రం లోపలికి వెళ్లి పడమటి కిటికీలు చూడండి. బ్లైండ్లన్నీ దించేసి, లైట్లు వేసుకుని పనిచేస్తున్నారా? అయితే ఆ అద్దం ఎందుకు పెట్టినట్టు?

అక్కడికి దగ్గరలోనే, కొండాపూర్‌లో, ఇంకో భవనం ఉంది. సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. 2004 జులై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. ఆర్కిటెక్టు వడోదరకు చెందిన కరణ్ గ్రోవర్. ఇరవై వేల చదరపుటడుగులే, చిన్నదే. పర్యావరణానికి మేలు చేసే భవనాలకు ఇచ్చే లీడ్ రేటింగులో ప్లాటినం గుర్తింపును అమెరికా బయట పొందిన మొదటి భవనం ఇదే. సర్టిఫికెట్ సంగతి అలా ఉంచండి, భవనం చూడండి. ఇదీ గుండ్రటిదే! కానీ మధ్యన ఆకాశానికి తెరిచిన వాకిలి. గదులన్నీ ఆ వాకిలి వైపు చూస్తాయి, వెలుతురు అక్కణ్ణుంచి. బయటి వైపు ఎండ తగిలేచోట కన్నాలున్న జాలీ గోడలు. రెండు గాలి బురుజులు ఉన్నాయి. అందులో దిగే గాలి తడి తగిలి చల్లబడి, ఏసీ యంత్రంలోకి వెళ్తుంది. వేడి గాలిని చల్లబరిచే బదులు చల్లబడిన గాలిని చల్లబరచడం ఏసీకి తేలిక కదా. కప్పు మీద సగానికి పైగా గడ్డి. వాడిన నీటిని మొక్కల వేళ్ల మడుల గుండా పంపి శుభ్రం చేస్తారు. సైబర్ టవర్స్ నుంచి ఇక్కడికి ఒకే సాయంత్రం వెళ్లండి. రెండూ గుండ్రం, మధ్యన ఆరేళ్ల తేడా. తేడా మీ ఒంటికే తెలుస్తుంది. ముందు ఫోన్ చేసి అనుమతి తీసుకుంటే చూపిస్తారు.

పాడవడం గురించి

ఇంత మంచి కట్టడాలు మన కళ్ల ముందు ఎలా పాడవుతున్నాయి? కూల్చివేత అందరికీ కనిపిస్తుంది. కనిపించనివి కొన్ని చెబుతాను.

మొదటిది, వరండా మూసేయడం. ఒక గది ఎక్కువ వస్తుందని పడమటి వరండాకు అల్యూమినియం కిటికీలు పెడతారు. నీడ ఇచ్చే గది పోయి ఎండలో మగ్గే గది వస్తుంది. దానికో ఏసీ. ఏసీ బయటి పెట్టె పక్క గదికి గాలి వచ్చే కిటికీ కింద. ఇక ఆ కిటికీ తెరవరు. ఒక్క మార్పుతో ఇల్లంతా తిరగబడింది, చూశారా?

రెండోది, ఏసీపీ. అల్యూమినియం కాంపోజిట్ ప్యానెళ్లు. 1960, 70ల నాటి ఆఫీసులకు కొత్త ముఖం కావాలని ఈ పలకలు తొడిగేస్తున్నారు. వాటి ఫ్రేము బిగించడానికి ఛజ్జాకూ ఫిన్లకూ డ్రిల్లు చేసి బోల్టులు కొడతారు. నీళ్లు ఆ కన్నాల్లోంచి కడ్డీల దాకా. పలకల వెనక కాంక్రీటు పగిలినా ఎవరికీ కనపడదు. లోపలి పొర మామూలు ప్లాస్టిక్ అయితే మంట పైకి పాకే దారి కూడా అదే. కింద ఉన్న అసలు ముఖం గ్రిట్ వాష్ అయి ఉండవచ్చు: అంటే చిన్న రాతి పలుకులు కలిపిన గిలాబు వేసి, పూర్తిగా గట్టిపడకముందే పైన నీళ్లు కొట్టి పలుకులు తేల్చిన పని. దానికి రంగు అక్కర్లేదు, కడిగితే చాలు. ఇవాళ ఆ పని తీరుగా చేసే మేస్త్రులు తక్కువ. కప్పేయకముందు ఒక మూల కడిగి చూడమని చెప్పండి, అంతే నేను అడిగేది.

ప్రశ్నలు రెండు తీసుకుంటాను. ఆ అమ్మగారు అడగండి. మా పాత ఇంటి ఛజ్జా పెచ్చులూడుతోంది, మేస్త్రి సిమెంటు పూసి వెళ్తున్నాడు, మళ్లీ ఏడాదికి ఊడుతోంది అంటున్నారు. చాలామంది ఇళ్లలో ఇదే కథ. కారణం చెబుతాను. కొత్త కాంక్రీటు గట్టి క్షారం, ఆ క్షారంలో ఇనుము తుప్పు పట్టదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి మెల్లగా లోపలికి దిగి ఆ క్షారాన్ని విరుస్తుంది. కడ్డీ మీద కాంక్రీటు మందం, కవరు అంటారు, కనీసం 20 మిల్లీమీటర్లు ఉండాలి. పాత ఛజ్జాల్లో పది కూడా ఉండదు ఒక్కోచోట. అక్కడికి ముందు చేరుతుంది. తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది, ఉబ్బి పెచ్చును తోసేస్తుంది. పైన పూసిన సిమెంటు ఆ తోపుడును ఎలా ఆపుతుంది?

చేయాల్సిన పని ఇది, వరసగా చెబుతాను. చిన్న సుత్తితో ఛజ్జా అంతా తట్టండి. బోలు చప్పుడు వచ్చినచోటల్లా సుద్దతో గీయండి. ముందు కింద జాకీలు పెట్టి ఆధారం ఇవ్వాలి, మరిచిపోవద్దు. గీసినంత మేర చెక్కేయాలి, కడ్డీ వెనక కూడా వేలు పట్టేంత, 20 మిల్లీమీటర్ల దాకా. వైర్ బ్రష్షుతో తుప్పంతా గీకి, ఇనుము మెరవాలి. కడ్డీ నాలుగో వంతు కంటే ఎక్కువ అరిగిపోయి ఉంటే పక్కన కొత్త కడ్డీ కట్టాలి. ఇది ఇంజినీరు చూసి చెప్పాలి, మేస్త్రి కాదు. తర్వాత జింకు ప్రైమరు, దాని మీద పాలిమర్ మోర్టారు పొరలు పొరలుగా. మామూలు ఇసుక సిమెంటు వద్దు. తడి గోనె సంచులతో వారం రోజులు తడపాలి. చివరికి అడుగున ఆ గాడి మళ్లీ తీయించండి.

రెండోది, వెనక నుంచి ఆ బాబు. ఇలాంటి ఇళ్లను కూల్చకుండా చట్టం లేదా అని. 1981 నాటి జోనింగ్ నిబంధనల్లో 1995లో చేర్చిన నిబంధన కింద ఒక వారసత్వ జాబితా ఉండేది. ఇప్పుడు 2017 తెలంగాణ వారసత్వ చట్టం ఉంది. జాబితాలోకి ఎక్కిన కట్టడానికి అది వర్తిస్తుంది. 1940ల ప్రైవేటు ఇళ్లు, 1960ల ఆఫీసులు ఎక్కువ శాతం ఏ జాబితాలోనూ లేవు. యజమానికి అవసరాలుంటాయి, పిల్లలు పంచుకోవాలి, మనం బయట నిలబడి నిందించడం న్యాయం కాదు. జాబితాలోకి ఎక్కించాలన్నా, కనీసం గుర్తు మిగలాలన్నా ముందు కావాల్సింది కొలతలతో కూడిన రికార్డు. అది మీరే చేయవచ్చు, ఒక పూట పని.

యజమానిని అడిగి వెళ్లండి. నాలుగు ముఖాలూ సూటిగా, ఏటవాలు లేకుండా ఫొటో తీయండి. ప్రతి ఫొటోలో గోడకు ఆనించి ఒక అడుగు స్కేలు. టేపు లేకపోతే నేల లెక్కపెట్టండి: పాత మొజాయిక్ పలక చాలాచోట్ల పదంగుళాలు, షాబాద్ బండ తరచుగా రెండడుగులు. ఒక్క పలక కొలిచి, వరసలో ఎన్నో లెక్కపెడితే గది పొడవు వస్తుంది. అంతస్తు ఎత్తుకు మెట్లు లెక్కపెట్టి ఒక మెట్టు ఎత్తుతో హెచ్చవేయండి. ఛజ్జా ఎంత ముందుకు వచ్చిందో నాలుగు దిక్కులా విడివిడిగా రాయండి, ఉత్తరం గుర్తుతో సహా. గ్రిల్లు, తలుపు పిడి, స్విచ్చు, మెట్ల కమ్మీ దగ్గరగా తీయండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే కట్టిన ఏడాది, మేస్త్రి పేరు, రాయి ఎక్కడి నుంచి తెచ్చారో అడిగి రాసుకోండి. పాత మున్సిపల్ ప్లాను ట్రంకుపెట్టెలో ఉంటుంది చాలా ఇళ్లలో, నీలం కాగితం మీద. దాన్ని మడతల దగ్గర చిరగకుండా నేల మీద పరిచి, పైనుంచి ఫొటో తీయండి. ఇంటి చిరునామా మాత్రం ఇంటర్నెట్‌లో పెట్టకండి, ఆ ఇళ్లలో ఒంటరిగా ఉండే ముసలివాళ్లు ఎక్కువ. అన్నీ రెండు ప్రతులు చేసి, ఒకటి ముందుగా యజమానికే ఇవ్వండి.